పెళ్ళి చేసుకుంటే దేశం పోయేది

ఆగస్టు 26 దగ్గర పడుతుంటే మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఏటా ఒక ఫార్వర్డ్ తిరుగుతుంది. తెల్ల బట్టలు కట్టుకుని, జెండాలు పట్టుకుని నడుస్తున్న అమెరికా ఆడవాళ్ళ పాత ఫొటో, కింద "1920లో ఓటు హక్కు వచ్చిన రోజు" అని నాలుగు ముక్కలు. వరసగా దండాలు, చప్పట్లు. ఆ కిందే ఎవరో ఒక అన్నయ్య తగులుతాడు: "వీళ్ళకి వందేళ్ళ కిందటే అన్నీ వచ్చేశాయి కదమ్మా, ఇంకా ఈ గొడవ దేనికి?"

ఓటు వచ్చిన మాట నిజమే. అన్నీ వచ్చేశాయన్న దగ్గరే నా పేచీ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా ఆడవాళ్ళ హక్కుల గురించి ఎవరు మాట్లాడినా ఓటుతో మొదలుపెట్టి ఓటుతో ముగిస్తారు. ఓటు పెద్ద గెలుపే, కాదనను. కానీ చదివినకొద్దీ నాకు అర్థమైంది, అసలు చిక్కుముడి పెళ్ళిలో ఉందని. పెళ్ళైన ఆడది చట్టం ముందు విడిగా ఒక మనిషేనా, లేక మొగుడి ఖాతాలో కలిసిపోయిందా? ఓటు వచ్చాక కూడా ఈ ప్రశ్న తేలలేదు. తేలడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. ఆ ఇరవై ఏళ్ళ కథలో మన భారతీయులు కూడా ఉన్నారు. కోరి దూరింది కాదు, చట్టమే లాగింది.

1907 మార్చి 2న అమెరికా కాంగ్రెస్ పౌరసత్వం మీద ఒక చట్టం చేసింది. అందులో మూడో సెక్షన్ మొదటి వాక్యం ఒక్క లైను. విదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికా స్త్రీకి భర్త జాతీయతే వర్తిస్తుంది. ఆమె దేశం దాటి వెళ్ళిందా, ఇంకో దేశానికి విధేయత ప్రకటించిందా అన్న విచారణ ఏమీ లేదు. చర్చి మెట్లు దిగేసరికి పరాయిదైపోయింది. అదే అమెరికా మగవాడు యూరప్ నుంచి ఒక తెల్ల అమ్మాయిని చేసుకొస్తే, 1855 నుంచీ ఉన్న చట్టం ప్రకారం ఆమె పెళ్ళితోనే అమెరికా పౌరురాలు. పరీక్ష లేదు, ప్రమాణం లేదు. అటు ఇచ్చినా ఇటు తీసుకున్నా లెక్క ఒకటే: భర్త ఏ దేశం వాడో భార్యదీ అదే దేశం.

ఆ ఒక్క ఏడాదిలోనే దాదాపు 12 లక్షల 85 వేల మంది వలసదారులు అమెరికాలో దిగారు. అప్పటిదాకా అంతమంది ఎప్పుడూ రాలేదు. ఇటలీ నుంచీ రష్యా నుంచీ వస్తున్న జనాన్ని చూసి పాతకాపులకి కంగారు పుట్టింది. ఇంకోపక్క డబ్బున్న అమెరికా ఇళ్ళ అమ్మాయిలు బిరుదులున్న యూరప్ పెళ్ళికొడుకుల్ని చేసుకుని, కట్నంగా కోట్లు పట్టుకెళ్ళిపోతున్నారని పేపర్లలో ఒకటే ఏడుపు. మనవాణ్ణి కాదని పరాయివాణ్ణి చేసుకుంటే మరి నువ్వు మాదానివి కాదు, అన్న అక్కసు ఆ సెక్షన్‌లో నాకు వినిపిస్తుంది. మన దగ్గర కులం దాటి చేసుకున్న పిల్లని ఇంటి గడప తొక్కనివ్వని పెద్దలు మాట్లాడే భాష అదే. కాకపోతే అక్కడ మాట్లాడింది ఒక దేశపు పార్లమెంటు.

ఈ చట్టాన్ని కోర్టుకి లాగినామె పేరు ఎథెల్ మెకెంజీ. కాలిఫోర్నియాలో పుట్టింది, అక్కడే పెరిగింది. 1909లో గోర్డన్ మెకెంజీ అనే గాయకుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఆయన బ్రిటిష్ పౌరుడు, కాపురం మాత్రం కాలిఫోర్నియాలోనే. 1911లో ఆ రాష్ట్రం ఆడవాళ్ళకి ఓటు ఇచ్చింది, ఆ ఉద్యమంలో ఈమె కూడా తిరిగింది. 1913 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓటరుగా పేరు రాయించుకోడానికి వెళ్తే, మీరు అమెరికన్ కాదు పొమ్మన్నారు. ఓటు కోసం ఊరంతా తిరిగిన మనిషికి ఓటొచ్చాక పౌరసత్వం లేదని తెలిసింది. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1915లో ఓడిపోయింది. తీర్పు రాసిన జస్టిస్ మెకెన్నా చెప్పిందాని సారం ఇది: భార్యాభర్తలు ఒకటే అన్నది మన న్యాయంలో పురాతన సూత్రం, అది చాలా సందర్భాల్లో ఆమె రక్షణకే పనికొచ్చింది, పైగా పెళ్ళి తను ఇష్టపడి చేసుకున్నదే, ఫలితం తెలిసే చేసుకుంది.

ఇష్టపడి చేసుకుంది కాబట్టి అనుభవించాలి. ఈ మాట నేను తెలుగులో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఇక్కడ నాకు అస్సలు మింగుడు పడని సంగతి ఒకటుంది. వాట్సాప్ ఫార్వర్డుల్లో తిరిగే ఫొటోల్లో అన్నిటికన్నా అందమైనది తెల్ల గుర్రం మీద కూర్చున్న యువతిది. 1913 మార్చి 3, వాషింగ్టన్. మర్నాడు ఉడ్రో విల్సన్ అధ్యక్షుడిగా ప్రమాణం చేయబోతున్నాడు, ముందురోజు ఆడవాళ్ళు వేల సంఖ్యలో ఊరేగింపు తీశారు. ముందు నడిచిన గుర్రం మీద ఉన్నది ఐనెజ్ మిల్‌హాలండ్, లాయరు. నాలుగు నెలలు తిరిగాయో లేదో, ఆమె యూజెన్ బోసెవేన్ అనే డచ్ వ్యాపారిని లండన్‌లో పెళ్ళి చేసుకుంది. ఆ క్షణం నుంచి అమెరికా పౌరురాలు కాదు. 1916లో పడమటి రాష్ట్రాలన్నీ తిరుగుతూ, అప్పటికే ఓటున్న ఆడవాళ్ళని కూడగడుతూ, లాస్ ఏంజిలిస్ వేదిక మీద కుప్పకూలి, ఆ నవంబరులో ముప్పై ఏళ్ళకే చనిపోయింది. ఏ దేశపు ఓటు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుందో ఆ దేశానికి ఆమె చట్టప్రకారం పరాయి మనిషి. న్యూయార్క్ ఓటు ఉద్యమాన్ని నడిపించిన హారియట్ స్టాంటన్ బ్లాచ్‌దీ అదే గతి. తల్లి ఎలిజబెత్ కేడీ స్టాంటన్ అమెరికా స్త్రీ ఉద్యమానికే ఆదిగురువు. కూతురు ఒక ఇంగ్లీషాయన్ని చేసుకుంది కాబట్టి లెక్కలో లేదు.

ఆ ఊరేగింపు గురించి ఇంకో మాట చెప్పకుండా ముందుకెళ్తే నాదీ ఫార్వర్డ్ లాంటి రాతే అవుతుంది. నల్లజాతి స్త్రీలని వెనక వరసలో నడవమన్నారు. నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ ఒప్పుకోలేదు, తన ఇల్లినాయ్ జట్టుతోనే కలిసి నడిచింది. 1920 ఓటు కూడా దక్షిణాది నల్లజాతి స్త్రీలలో ఎక్కువమందికి 1965 దాకా కాగితం మీదే ఉండిపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగాక 1907 చట్టం ఇంకో రూపం చూపించింది. జర్మన్లని పెళ్ళి చేసుకున్న అమెరికా స్త్రీలు జర్మన్లే కదా, కాబట్టి శత్రుదేశస్తులే. ఒహాయోలోనో విస్కాన్సిన్‌లోనో పుట్టి, సముద్రం మొహం చూడని ఆడవాళ్ళు కూడా 1918లో వెళ్ళి శత్రుదేశపు మనుషులుగా పేరు రాయించుకోవాల్సి వచ్చింది.

జస్టిస్ మెకెన్నా వాడిన "రక్షణ" అన్న వాదన ఆయన ఒక్కడిదే కాదు, ఆ కాలమంతా ఆడవాళ్ళ చుట్టూ అదే తిరిగింది. దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేను. ఎందుకంటే ఇంకోచోట అదే రక్షణ నిజంగా ప్రాణాలు కాపాడింది.

ఓరెగన్ రాష్ట్రం 1903లో లాండ్రీల్లో, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళ చేత రోజుకి పది గంటలకి మించి పని చేయించకూడదని చట్టం చేసింది. పోర్ట్‌లండ్‌లో కర్ట్ మల్లర్ అనే లాండ్రీ యజమాని దాన్ని ఉల్లంఘించి, పది డాలర్ల జరిమానా పడితే, సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. అప్పటికి మూడేళ్ళ ముందే అదే కోర్టు, న్యూయార్క్ బేకరీ కార్మికుల పని గంటలకి పెట్టిన పరిమితిని కొట్టేసింది. మగవాడికి ఎన్ని గంటలైనా పని చేసే స్వేచ్ఛ ఉందట. మరి ఆడవాళ్ళ చట్టాన్ని నిలబెట్టడం ఎలా? రాష్ట్రం తరఫున లాయరు లూయీ బ్రాండైస్ వందకి పైగా పేజీల వాదన సమర్పించాడు. అందులో న్యాయసూత్రాలు రెండే రెండు పేజీలు. మిగతాదంతా ఎక్కువ గంటల పని ఆడవాళ్ళ ఆరోగ్యాన్ని ఎలా తినేస్తుందో చెప్పే నివేదికలు. ఆ నివేదికలన్నీ లైబ్రరీల్లో కూర్చుని తవ్వితీసింది ఆయన మరదలు జోసెఫిన్ గోల్డ్‌మార్క్. చరిత్రలో మాత్రం దాని పేరు "బ్రాండైస్ బ్రీఫ్". కష్టం మరదలిది, పేరు బావది.

1908లో కోర్టు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. కాకపోతే ఒప్పుకున్న కారణం చూడండి: ఆడవాళ్ళ శరీరం బలహీనం, వాళ్ళు తల్లులు కావాలి, జాతి బలంగా ఉండాలంటే తల్లులు ఆరోగ్యంగా ఉండాలి. అంటే లాండ్రీలో నిలబడి నిలబడి కాళ్ళు వాచిన మనిషి కోసం కాదు, ఆమె కడుపులో ఎప్పుడో పడబోయే బిడ్డ కోసం.

అయినా సరే, ఆ పది గంటల పరిమితి వద్దని ఏ లాండ్రీ కార్మికురాలు అంటుంది? 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ కంపెనీ తగలబడింది. ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే ఫ్యాక్టరీ, ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తుల్లో ఉండేది. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకి తాళం. పనిపిల్లలు బట్టలు దొంగిలించుకుపోతారని వేసిన తాళం. 146 మంది చనిపోయారు, అందులో 123 మంది ఆడవాళ్ళూ ఆడపిల్లలూ. ఎక్కువమంది వలస వచ్చిన యూదు, ఇటాలియన్ ఇళ్ళవాళ్ళు. కిటికీల్లోంచి దూకిన పిల్లల్ని కింద రోడ్డు మీద నిలబడి చూసినవాళ్ళలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఒకామె. 1933లో ఆమె అమెరికా కార్మిక మంత్రి అయింది, మంత్రివర్గంలో మొదటి మహిళ. ఫ్యాక్టరీ యజమానులిద్దరి మీద కేసు నడిచింది. తలుపు తాళం సంగతి వాళ్ళకి తెలుసని రుజువు కాలేదని వదిలేశారు. ఇవన్నీ చదివాక, "ఆడవాళ్ళకి ప్రత్యేక చట్టాలు అవమానం" అని చల్లటి గదిలో కూర్చుని అనడానికి నాకు నోరు రాదు.

కానీ ఆ రక్షణ పునాది తల్లితనం మీద, బలహీనత మీద వేశారు. ఆ పునాది మీద ఒకడు రక్షణ కడతాడు, ఇంకొకడు గోడ కడతాడు. పెళ్ళైతే టీచరు ఉద్యోగం మానేయాలన్న నిబంధన చాలా ఊళ్ళ స్కూలు బోర్డుల్లో ఉండేది. 1932లో, మాంద్యం రోజుల్లో, ఫెడరల్ ప్రభుత్వమే ఒక చట్టంలో 213వ సెక్షన్ పెట్టింది: ఉద్యోగాలు తగ్గించాల్సి వస్తే, తమ భర్తో భార్యో కూడా ప్రభుత్వంలోనే పనిచేస్తున్నవాళ్ళని ముందు తీసేయాలి. రాతలో ఆడ మగ తేడా లేదు. జీతం తక్కువ ఉన్నవాళ్ళని వదులుకుంటారు కదా ఏ ఇంట్లో అయినా, అందుకని ఉద్యోగాలు పోయింది ఎక్కువగా ఆడవాళ్ళకే. 1937లో గానీ దాన్ని ఎత్తెయ్యలేదు.

రాతలో తేడా లేకపోవడం గురించి నాకు కొంచెం సొంత అనుభవం ఉంది. నేను ఈ దేశానికి, అంటే అమెరికాకి, హెచ్-4 మీద వచ్చాను. ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా అది. హైదరాబాదులో చదువుకుని, ఉద్యోగం చేసి, నా జీతంతో ఇంట్లో ఫ్రిజ్ కొన్నదాన్ని ఇక్కడికొచ్చి డిపెండెంట్‌ని అయ్యాను. పని చేయకూడదు. పని చేయకూడదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. నంబరు లేదు కాబట్టి ఫోను కనెక్షన్ మా ఆయన పేరు మీద, ఇంటి లీజు ఆయన పేరు మీద, ఒక బ్యాంకులో అయితే కౌంటర్లో ఆవిడ నా మొహం కూడా చూడకుండా ఆయనతోనే మాట్లాడింది. ఆయన ఉద్యోగం ఊడితే నా వీసా ఊడుతుంది. నా తప్పొప్పులతో దానికి సంబంధమే లేదు. ఆయన మంచివాడు కాబట్టి ఆ రోజులు జోకులేసుకుంటూ గడిచాయి. మంచివాడు కాని ఇళ్ళు కూడా నేను చూశాను. అక్కడ ఆ కాగితమే కొరడా.

హెచ్-4 చట్టంలో కూడా ఆడ మగ అని లేదు, "స్పౌజ్" అనే ఉంది. మా తెలుగు ఇళ్ళలో ఆ స్పౌజ్ ఎవరో అందరికీ తెలుసు. 2015 మే 26 నుంచి, భర్తకి గ్రీన్‌కార్డు దారిలో ఒక దశ దాటితే భార్యకి పని అనుమతి ఇస్తున్నారు. ఏళ్ళ తరబడి దాని మీద కోర్టులో కేసు నడుస్తుంటే, తీర్పు ఎటు వస్తుందోనని ఎన్ని ఇళ్ళలో టెన్షన్ పడ్డారో. అయినా ఆ అనుమతి కూడా ఆయన దశ దాటితేనే. 1907 చట్టంతో దీన్ని సమానం అనను. అది పుట్టుకతో వచ్చిన పౌరసత్వాన్నే ఊడబెరికింది. మేము వీసా మీద వచ్చినవాళ్ళం, నిబంధనలు తెలిసే విమానం ఎక్కాం. తెలిసే ఎక్కాం అన్న వాదన మాత్రం జస్టిస్ మెకెన్నా నోటి నుంచి ఊడిపడ్డట్టే ఉంటుంది.

సరే, ఓటు దగ్గరికి వద్దాం. ఓటుని చిన్నబుచ్చుతున్నానని అనుకోకండి, ఎందుకంటే 1907 ముడిని మొదటిసారి లాగింది ఓటే. 1920 ఆగస్టు 18న ఓటు హక్కు సవరణకి టెన్నెసీ రాష్ట్రం ఒప్పుకోవడంతో, కావాల్సిన 36 రాష్ట్రాల లెక్క పూర్తయింది. 24 ఏళ్ళ హ్యారీ బర్న్ అనే ఆ రాష్ట్ర శాసనసభ్యుడు, ఆడవాళ్ళ ఓటుకి మద్దతివ్వమని అమ్మ రాసిన ఉత్తరం జేబులో పెట్టుకుని చివరి నిమిషంలో మనసు మార్చుకున్న కథ అందరికీ తెలిసిందే. ఆ తర్వాత రెండు పార్టీలకీ భయం పట్టుకుంది: ఈ ఆడవాళ్ళంతా కలిసికట్టుగా ఓటేస్తే? ఆ భయం వేడిగా ఉండగానే స్త్రీ సంఘాలు పని కానిచ్చుకున్నాయి. 1921లో తల్లీబిడ్డల ఆరోగ్యానికి ఫెడరల్ డబ్బు ఇచ్చే చట్టం వచ్చింది. 1922 సెప్టెంబరు 22న ఒహాయో సభ్యుడు జాన్ కేబుల్ పేరుతో పౌరసత్వ చట్టం వచ్చింది. ఇకమీదట పెళ్ళితో స్త్రీ పౌరసత్వం పోదు, పెళ్ళితో రాదు. ఎవరి దేశం వాళ్ళది. ఆ తర్వాత కొన్నేళ్ళకి ఆడవాళ్ళు గుంపుగా ఓటెయ్యరని తేలగానే పార్టీల భయం పోయింది, తల్లీబిడ్డల డబ్బు 1929లో ఆగిపోయింది.

కేబుల్ చట్టాన్ని పొగుడుతూ రాసినవాళ్ళు ఒక వాక్యం దగ్గర గొంతు తగ్గిస్తారు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్ళాడితే మాత్రం, అమెరికా స్త్రీ పౌరసత్వం కోల్పోతుంది. అర్హత ఎవరికి లేదు? అప్పటి చట్టం ప్రకారం తెల్లవాళ్ళూ, ఆఫ్రికా మూలాలవాళ్ళూ మాత్రమే కొత్తగా పౌరులు కాగలరు. కాబట్టి చైనా, జపాన్ వాళ్ళని చేసుకున్న స్త్రీలకి విముక్తి లేదు. స్వీడన్ వాణ్ణి చేసుకుంటే నువ్వు మనిషివి, చైనా వాణ్ణి చేసుకుంటే మళ్ళీ మొగుడి నీడవి. వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టిన ఒక చైనా మూలాల యువతి, చైనా పౌరుణ్ణి పెళ్ళాడి అటు వెళ్ళి, విధవై 1925లో తిరిగొస్తే, పుట్టిన గడ్డ మీద కాలు పెట్టనివ్వలేదు. తెల్ల స్త్రీ అయితే ఆ పెళ్ళి ముగిశాక మళ్ళీ పౌరసత్వం అడగొచ్చు; ఈమె జాతే పనికిరాదు కాబట్టి అడిగే దారి కూడా లేదు.

మరి భారతీయులు? ఆ ప్రశ్న ఐదు నెలల్లో తేలింది. 1923 ఫిబ్రవరి 19న భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి అర్హులు కారు అని తీర్పిచ్చింది. థింద్ అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ. ఈ తీర్పుని మనం ఎప్పుడూ మన మగవాళ్ళ కథగానే చెప్పుకుంటాం. కేబుల్ చట్టం పక్కన పెట్టి చదివితే, ఆ రోజు నుంచి భారతీయుణ్ణి పెళ్ళాడే ప్రతి అమెరికా స్త్రీ దేశం కూడా దాంతోనే పోతుంది.

ఆ తీర్పు రాసింది జస్టిస్ జార్జ్ సదర్లండ్. ఈయన గురించి కాస్త ఆగి చెప్పాలి. ఇంగ్లండులో పుట్టాడు, చిన్నప్పుడే తల్లిదండ్రులతో వలస వచ్చాడు. యూటా నుంచి సెనేటరుగా ఉన్నప్పుడు స్త్రీల ఓటుకి గట్టి మద్దతుదారు. థింద్ తీర్పు తర్వాత రెండు నెలలు తిరక్కుండానే, 1923 ఏప్రిల్ 9న, ఆయనే ఇంకో తీర్పు రాశాడు. వాషింగ్టన్ నగరంలో ఆడవాళ్ళకి కనీస వేతనం ఉండాలన్న చట్టం మీద కేసు. విల్లీ లయన్స్ అనే 21 ఏళ్ళ అమ్మాయి ఒక హోటల్లో లిఫ్ట్ నడిపేది, నెలకి 35 డాలర్లు, రెండు పూటల భోజనం. కనీస వేతనం ఇవ్వాల్సొస్తే హోటలు ఆమెని తీసేసింది. నా తక్కువ జీతం నాకు చాలు, చట్టం నా పొట్ట కొట్టింది అని ఆమె పేరు మీదే దావా నడిచింది. సదర్లండ్ ఏమన్నాడంటే, ఆడవాళ్ళకి ఓటు ఇచ్చిన 19వ రాజ్యాంగ సవరణతో స్త్రీ పురుషుల మధ్య తేడాలు దాదాపు మాయమైపోయాయి, ఇక ఆమెకి ప్రత్యేక రక్షణ అక్కర్లేదు. చట్టం కొట్టేశారు. ఆడా మగా తేడా లేదని నన్ను ఒప్పించడానికి 19వ సవరణ ఒక్కటి చాలదని, విడిగా రాసిన తన తీర్పులో జస్టిస్ హోమ్స్ చురక వేశాడు.

ఆ రెండు తీర్పులూ పక్కపక్కన పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. జీతం దగ్గరికొచ్చేసరికి, నువ్వు మగవాడితో సమానం, నీ బేరం నువ్వు చూసుకో. పెళ్ళి దగ్గరికొచ్చేసరికి, నీ మొగుడు తెల్లవాడు కాదు, నువ్వు పరాయిదానివి. చిత్రం ఏమిటంటే, కనీస వేతనం కొట్టేసిన తీర్పుని, ఓటు ఉద్యమ నాయకురాలు ఆలిస్ పాల్ వర్గం మెచ్చుకుంది. సమానత్వం అంటే ఏ ప్రత్యేకతా లేకపోవడమే అని వాళ్ళ పట్టు. అదే ఏడాది డిసెంబరులో సమాన హక్కుల సవరణని కాంగ్రెస్‌లో పెట్టించారు. జైల్లో నిరాహారదీక్ష చేసి, ముక్కులోంచి గొట్టం వేయించుకుని తిండి పోయించుకున్న మనిషి ఆలిస్ పాల్, ఆమె నిజాయితీని శంకించను. కానీ ఈ తగాదాలో నేను ఫ్లోరెన్స్ కెల్లీ పక్షం. జీవితమంతా ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసం పోట్లాడిన కెల్లీ ఆ తీర్పు మీద మండిపడింది. సమానత్వం పేరుతో 35 డాలర్ల జీతాన్ని కాపాడారు, అంతకన్నా ఏం జరిగింది? 1937లో వెనాచీ అనే ఊళ్ళో హోటల్ గదులు తుడిచే ఎల్సీ పారిష్, తనకి రావాల్సిన 216 డాలర్ల 19 సెంట్ల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచాక గానీ కనీస వేతనం నిలబడలేదు. సదర్లండ్ అప్పుడూ వ్యతిరేకంగానే రాశాడు.

థింద్ తీర్పు ఎవరి ఇళ్ళ మీద పడిందో చూడండి. తారక్‌నాథ్ దాస్ బెంగాలీ విప్లవకారుడు, 1914లోనే అమెరికా పౌరుడు. 1924లో మేరీ కీటింగ్ మోర్స్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె స్త్రీల ఓటు కోసమూ, నల్లజాతి హక్కుల కోసమూ పనిచేసిన అమెరికన్. థింద్ తీర్పుని పట్టుకుని ప్రభుత్వం ఆయన పౌరసత్వం రద్దుకి దిగింది, ఆయన అర్హుడు కాడు కాబట్టి ఆమె కూడా పౌరురాలు కాదంది, పాస్‌పోర్టు ఇవ్వనంది. ఓటు తెచ్చుకున్న నాలుగేళ్ళకే ఓటు ఉద్యమకారిణికి దేశం లేదు. కాలిఫోర్నియాలో సఖారాం గణేశ్ పండిట్ అనే లాయరు మాత్రం తన పౌరసత్వ రద్దు కేసుని తనే వాదించాడు. నేను పౌరుణ్ణని నమ్మి వృత్తి కట్టుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను, ఇప్పుడు రద్దు చేస్తే నా భార్య కూడా దేశం కోల్పోతుంది అన్నది ఆయన వాదనల్లో ఒకటి. ఆయన గెలిచాడు, 1927లో సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలు వినడానికే ఒప్పుకోలేదు. ప్రభుత్వం మిగతా రద్దులు కూడా మానుకుంది. ఒక అమెరికా స్త్రీ పౌరసత్వాన్ని భర్త కేసులో వాదనగా వాడి గెలవాల్సి వచ్చింది, ఆమె సొంత హక్కుగా కాదు.

వైష్ణో దాస్ బాగాయ్‌కి ఆ మాత్రం అదృష్టం కూడా లేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణాలు పెట్టుకున్న మనిషి, పౌరసత్వం లాక్కుంటే, 1928లో ప్రాణం తీసుకున్నాడు. భార్య కళా బాగాయ్ ముగ్గురు పిల్లల్ని పెంచుకుంటూ అక్కడే నిలబడింది. ఇవాళ బర్క్‌లీలో ఆమె పేరుతో ఒక వీధి ఉంది.

ముడి పూర్తిగా విడడానికి ఇంకా కొన్ని మలుపులు పట్టాయి. అందులో రూత్ బ్రయన్ ఓవెన్ కథ నాకు సరదాగా ఉంటుంది. మూడుసార్లు అధ్యక్ష పదవికి పోటీ చేసిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ కూతురు ఆమె. 1910లో బ్రిటిష్ సైనికాధికారిని చేసుకుని పౌరసత్వం పోగొట్టుకుంది, 1925లో దరఖాస్తు పెట్టుకుని తిరిగి తెచ్చుకుంది. 1928లో ఫ్లోరిడా నుంచి కాంగ్రెస్‌కి గెలిచింది, ఆ రాష్ట్రం నుంచి మొదటి మహిళ. ఓడిపోయినాయన ఊరుకోలేదు. సభ్యత్వానికి ఏడేళ్ళ పౌరసత్వం ఉండాలి, ఈమెకి లేదు అని ఫిర్యాదు. పుట్టిన దేశంలోనే తను పౌరురాలినని సాటి సభ్యుల ముందు నిలబడి వాదించుకోవాల్సి వచ్చింది. విదేశీ భార్యని తెచ్చుకున్న ఒక్క అమెరికా మగవాడికైనా పౌరసత్వం పోయిందా అన్నది ఆమె వాదన. దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు, సీటు ఆమెదే అయింది. 1930లో కేబుల్ చట్టాన్ని సడలించారు. 1931 మార్చి 3న "అర్హత లేని విదేశీయుడి" వాక్యాన్ని తీసేశారు. 1934లో, విదేశంలో పుట్టిన బిడ్డకి అమెరికా తల్లి నుంచి కూడా పౌరసత్వం వచ్చే ఏర్పాటు చేశారు. అప్పటిదాకా అది తండ్రి నుంచే. పాత చట్టం కింద పోగొట్టుకున్నవాళ్ళకి 1936లోనూ 1940లోనూ ప్రమాణం చేసి తిరిగి తెచ్చుకునే వీలు కల్పించారు. అందరికీ ఈ సంగతి ఎవరూ ఇంటికొచ్చి చెప్పలేదు. ఇక భారతీయులకి పౌరసత్వ అర్హత 1946లో గానీ రాలేదు.

2014లో అమెరికా సెనేట్ ఒక తీర్మానం చేసింది. మిన్నెసోటాలో ఒకాయన ఇంటి చరిత్ర తవ్వుతుంటే, అక్కడే పుట్టిన తన నానమ్మ తరం ఆడమనిషి స్వీడన్ నుంచి వచ్చిన వాణ్ణి చేసుకున్నందుకు పౌరసత్వం కోల్పోయిందని బయటపడింది. ఆయన తన సెనేటరు చుట్టూ తిరిగితే ఆ తీర్మానం వచ్చింది. విదేశీయుల్ని పెళ్ళాడిన స్త్రీల పౌరసత్వం లాక్కున్నందుకు విచారిస్తున్నామని అందులో ఉంది. తీర్మానం పేరులో ఉన్నది మాత్రం 1907 చట్టం మూడో సెక్షన్ ఒక్కటే. మేరీ దాస్‌ని దేశం లేనిదాన్ని చేసిన 1922 నాటి వాక్యం ఆ పేరులో లేదు.